‘బాలిక’ కొట్టివేసి ‘తండ్రి’ అని దిద్దుట

క్రీడా పాఠశాల ప్రధానాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా రెండో అమ్మాయిని పరుగు విభాగం నుండి తొలగించిన ఉత్తర్వులో “బాలిక నిర్లక్ష్యం” అన్నచోట “తండ్రి నిర్లక్ష్యం” అని దిద్దుట గురించి.

బట్టలు కుట్టి బతికే దర్జీని, సదరు బాలిక తండ్రిని, విన్నవించుకొనునది:

1. తొలగింపుపై నాకు అభ్యంతరం లేదు. పాదంలో ఎముక చీలిందని, ఆలస్యమైంది కనుక అతికినా పోటీ పరుగు కుదరదని డాక్టరు గారు చెప్పారు.

2. తమరు పంపిన ఫారంలో “బూట్ల సైజు” అనే గడి కలదు. దానిని నింపినది నేను. అమ్మాయి కాలు ఐదు. నేను ఏడు అని రాశాను. ఎదిగే పిల్లల బట్టలకు లోపలి కుట్టులో గుడ్డ వదలడం మా వృత్తిధర్మం. పిల్ల ఎదిగితే విప్పి వదులు చేసుకోవచ్చు. బూటుకూ అదే లెక్క అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఊరందరి కొలతలూ తీసినవాడిని, కన్నకూతురి పాదం ఒక్కసారి కూడా కొలవలేదు.

3. తమరిచ్చిన బూట్లు తొడిగిన రోజున “నాన్నా, మడమ జారుతోంది” అంది. “ఎదిగే కాలు తల్లీ, ఏడాదిలో సరిపోతుంది” అన్నాను. మెత్తటి గుడ్డ పీలికలు ఏరి మరీ ముందు భాగంలో కుక్కాను. ఆ ఉండ మీద వేళ్ళు ముడుచుకుని ఏడు నెలలు పరుగెత్తింది.

4. ఉత్తర్వులో “నొప్పి దాచినందున” అని కలదు. నిజమే, దాచింది. సెలవులకు వచ్చి కుంటుతుంటే వాళ్ళమ్మ అడిగింది, “ఏమే, బూట్లు సరిపోవట్లేదా?” అని. నేను అక్కడే మిషను తొక్కుతున్నాను. అది నా వైపు ఒకసారి చూసి, “బాగానే ఉన్నాయమ్మా” అంది. దీనిని నిర్లక్ష్యం అంటారా అయ్యా? పదమూడేళ్ళ పిల్ల తండ్రి పరువు కాపాడింది.

5. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, ఇకపై ఆ గడి తీసివేయించ ప్రార్థన. పిల్లలను సాయంత్రం పూట నిలబెట్టి రెండు పాదాలూ కొలిపించండి. కూర్చుంటే పాదం చిన్నదిగా కనిపిస్తుంది, రెండు పాదాలూ ఒక్కలా ఉండవు. వేళ్ళ ముందు చేతి బొటనవేలి వెడల్పంత చోటు చాలు, మడమ మాత్రం కదలరాదు. ఇదంతా డాక్టరు గారి దగ్గర పావుగంటలో నేర్చుకున్నాను.

6. ఆ ఉత్తర్వును అమ్మాయి తలగడ కింద పెట్టుకుంటోంది. చదివి చదివి అదే నిజమని నమ్ముతోంది. ఒక్క పదం దిద్ది వేరే కాగితం పంపితే చాలు, ఇంకేమీ అడగను.

నా చేతిరాత నాకే అర్థం కాదు కనుక ఈ అర్జీ అమ్మాయి చేతనే రాయిస్తున్నాను.

తమరు చిత్తగించి ఆ ఒక్క మాట దిద్దించవలెను.

తమ విధేయుడు,
తప్పు చేసిన దర్జీ

తా.క.: సార్, ఇది నేను, అమ్మాయిని. నాన్న సంతకం పెట్టి లోపలికి వెళ్ళారు. ఆయన చెప్పింది ఒక్క ముక్క వదలకుండా రాశాను. కానీ ఆ మాట దిద్దకండి సార్. నా పేరు మీదే ఉండనివ్వండి, నాకేం బరువు కాదు. రెండు వారాలుగా నాన్న ఎవరి కొలతలూ తీయట్లేదు, వచ్చినవాళ్ళను పక్క దుకాణానికి పంపేస్తున్నారు. నిన్న నాకు గౌను కుట్టమంటే, “అమ్మ చేత కొలిపించుకో” అన్నారు. తప్పు ఆయనదేనని మీరు కూడా కాగితం మీద రాసి పంపితే, ఇక టేపు ముట్టుకోరు.