సాయంత్రం బడికి సాక్షులు

అమ్మకు,

నీ కూతురి దండాలు. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ నాన్నా కూడా అలాగే ఉన్నారన్న నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఈసారి అక్షరాలు పెద్దవిగా, ఎడంగా రాస్తున్నాను. ఎందుకో చివర చెబుతాను. ముందే చివరికి దూకకు, నీ సంగతి నాకు తెలుసు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకే తింటున్నాను. గది కిటికీకి గడియ పెట్టించారు. నీ దగ్గు సంగతి నువ్వు రాయించలేదు కానీ నాన్న రాయించాడు. ఆసుపత్రి లాండ్రీలో ఆ ఆవిరి ఇస్త్రీ దగ్గర ఇంకా ఎన్నాళ్లమ్మా? సాయంత్రం బడి పరీక్ష గట్టెక్కితే నిన్ను దుప్పట్లు ఇచ్చే కిటికీ దగ్గరికి మారుస్తామన్నారు కదా. నా ప్రాణమంతా ఆ పరీక్ష మీదే ఉంది.

మా అమ్మాయి శాసనసభలో కూర్చుని చట్టాలు చేస్తుందని లాండ్రీలో చెబుతున్నావట. నేను చట్టాలు చేయను. చదువు, ఉపాధి విషయాలు చూసే కమిటీకి కాగితాలు తయారుచేస్తాను. ఏడాది మొదట్లో ఊళ్ల నుంచీ శాఖల నుంచీ కోరికలు కుప్పలుగా వస్తాయి. చాచే చేతులు వంద, వడ్డించే గరిటె ఒకటి. ఒక్కో కోరికకూ మేం అర పేజీ వివరం రాస్తాం. దాని గురించి మాట్లాడేవాళ్లను కమిటీ పిలిచి వింటుంది. ఆ తర్వాతే ఈ ఏడాది ఏది ముందు, ఏది వెనక అని సభ్యులు తేలుస్తారు. ఎవరూ వచ్చి మాట్లాడని కోరిక దానంతటదే అడుగుకు జారిపోతుంది. అది మా కమిటీ ఆనవాయితీ.

ఈసారి అలా జారిపోతున్నది పనివాళ్ల సాయంత్రం బడి. మన ఊరి బడి ఒక్కటే కాదు, అన్ని ఊళ్లవీ. చదువు శాఖ వాళ్లు, “వాళ్లు పనివాళ్లు కదా, ఉపాధి శాఖ చూసుకోవాలి” అన్నారు. ఉపాధి శాఖ వాళ్లు, “చెప్పేది పాఠాలు కదా, మాకేం సంబంధం” అన్నారు. రెంటికీ చెడ్డ రేవడిలా అయింది దాని పని. మాట్లాడటానికి సాక్షి ఒక్కరూ రాలేదు.

మా విభాగానికి పెద్దావిడ ఒకరున్నారు. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండాల్సిందే కాబట్టి అందరం గొడుగు మేడం అంటాం. ఆమె దగ్గరికి వెళ్లి అడిగాను.

“మేడం, విచారణ పొద్దున పదింటికి. ఆ వేళకు వీళ్లంతా డ్యూటీలో ఉంటారు. ఎలా వస్తారు?”

ఆమె కళ్లజోడు తీసి నన్ను చూశారు. “ఇన్నేళ్లుగా పదింటికే పిలుస్తున్నాం. ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. నీకెలా తట్టింది?”

“మా అమ్మ ఆ బడిలోనే చదువుతోందండీ.”

“అయితే ఇకనుంచి ఆ కాగితం నువ్వు ముట్టుకోకు. అమ్మ కోసం చేసిందంటారు, మీ అమ్మ బడికే చేటు. సాయంత్రం విచారణ సంగతి నేను అడుగుతాను.”

అడిగారు. పొద్దున రానివాళ్లు పొద్దుపోయాక వస్తారా అని ఒక సభ్యుడు ఎగతాళి చేశాడట. “పొద్దున వాళ్లు మీ క్వార్టర్స్ దుప్పట్లు ఉతుకుతుంటారు సార్” అన్నారట గొడుగు మేడం. విచారణ సాయంత్రానికి మారింది, ఊళ్లలోని బడులకు కబురు వెళ్లింది.

విచారణ జరిగిన సాయంత్రం నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. అద్దాల తలుపు అవతల పెదాలు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. లోపల టీ ఇచ్చి వచ్చినప్పుడల్లా మా ఆఫీసు టీ బాబాయే నాకు వార్తలు చెప్పాడు.

“జనం బాగానే వచ్చారమ్మాయ్. కుర్చీలు చాలక గోడకి నిలబడ్డారు.”

ఇంకాసేపటికి, “బస్సులు కడిగే ఆవిడని, ఈ వయసులో చదవడానికి తీరిక ఎక్కడిది అని అడిగారు. ‘తీరిక చిన్నప్పుడూ లేదండీ, అందుకే కదా ఇప్పుడు వస్తున్నాం’ అంది.”

మళ్లీ లోపలికి వెళ్లి వచ్చి, “రెండు శాఖలూ బంతాట మొదలెట్టాయి. నీదంటే నీదని” అన్నాడు. నా చేతిలో గ్లాసు చల్లారిపోయింది.

చివరికి తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చాడు. “కమిటీ అధ్యక్షురాలు ఇద్దరినీ కట్టేసిందమ్మా. మీరిద్దరూ నిజమే చెప్పారు, వాళ్లు పనివాళ్లే, అది చదువే, కాబట్టి గదీ దీపాలూ ఉపాధి శాఖవి, టీచర్లు చదువు శాఖవాళ్లు అంది. బడి ఈ ఏడాది జాబితాలోకి ఎక్కింది. లే, ఇంకా కూర్చున్నావేం?”

లేవలేకపోయానమ్మా. బాబాయే ఇంకో టీ ఇచ్చి, “కాళ్లొచ్చేదాకా తాగు” అన్నాడు.

ఒకటి ముందుకొస్తే ఒకటి వెనక్కెళ్లాలి. పని నేర్చుకునే అమ్మాయిల హాస్టల్ వచ్చే ఏటికి జరిగింది. దాని వివరం రాసింది నేనే. ఆ కాగితం పక్కన పెట్టేటప్పుడు మనసు కలుక్కుమంది. సంతోషం పూర్తిగా ఉందని అబద్ధం చెప్పను. గుండె మీది బండ దిగిన మాట మాత్రం నిజం.

ఇప్పుడు ఇంతకాలం దాచిన మాట. బడి పోయేలా ఉందని నాకు చాలా రోజుల ముందే తెలుసు. నీ గత ఉత్తరం, ఎప్పటిలాగే నీకు ఉత్తరాలు చదివిపెట్టి, రాసిపెట్టే కుట్టుమిషను అత్త చేతిరాత. అడుగున ఒక్క వరుస మాత్రం నీది. వంకరటింకరగా, “బడి మూసేస్తారా” అని. నువ్వు రాసిన మొదటి మాట అది. దానికి నేను ఇక్కడి వానల గురించి జవాబు రాశాను. తేలకముందు ఆఫీసు సంగతి బయటపెట్టకూడదు, అత్త చదివితే వీధి వీధంతా విన్నట్టే. అసలు భయం వేరు. మూతబడే బడికి వెళ్లడం ఎందుకని నువ్వు మానేస్తావేమోనని. నువ్వు అంత కష్టపడి రాసి అడిగితే, నేను వానల గురించి రాశాను. ఆ రోజు నుంచీ అది నన్ను పొడుస్తూనే ఉంది.

మా అమ్మాయే బడిని నిలబెట్టిందని లాండ్రీలో చాటింపు వేయకు. నిలబెట్టింది వచ్చి మాట్లాడినవాళ్లు. నేను వరండాలో కూర్చుని టీ తాగాను.

ఈ ఉత్తరం అత్తకి ఇవ్వకు. రోజుకు కొంచెం చొప్పున నువ్వే చదువుకో, పెద్ద అక్షరాలు అందుకే. పట్టుబడని మాటలుంటే మీ టీచరును అడుగు. ఆయనకి కూడా ఈ కబురు కావాలి. నువ్వు ముందే చివరికి దూకేసినా తప్పులేదు. నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఒక్క మాటే, నిదానంగా కూడబలుక్కో.

మూయరు.

ఇట్లు,
నీ జవాబు కోసం, నీ చేతిరాత కోసం ఎదురుచూసే
నీ కూతురు