కాచిన నీళ్ళు, అదే గుడ్డ

ఆగస్టు 14
కుళాయి ఆగిపోయింది. మా లంక ఊరికి నీళ్ళు తోడే మోటారు వరదలో మునిగిందట. ఇక గోదావరి నీళ్ళే... ఎర్రగా, చిక్కగా.

అత్తయ్య పెరట్లో బిందెలు వరసగా పెట్టింది. పాత నేతచీర మడతలు వేసి మూతికి కట్టి, చెంబుతో మెల్లగా వడకడుతోంది. చిల్లగింజ అరగదీసి కలిపింది. సాయంత్రానికి మట్టంతా అడుగుకు దిగింది. పైన తేట. తేటగా ఉంటే చాలా? ఎన్ని పశువుల పాకలు మునిగాయో ఆ నీళ్ళలో!

పాపకు కాచి పట్టాలన్నాను.
"గోదారమ్మని పొయ్యి మీద పెడతావేంటమ్మాయ్?"
పెడతాను.

ఆగస్టు 15
గ్యాస్ అయిపోయింది. పడవలో బిస్కెట్లు వస్తాయట, గ్యాస్ బండ రాదట! పెరట్లో మూడు రాళ్ళు, తడిసిన కొబ్బరి మట్టలు. ఊదీ ఊదీ కళ్ళు మండిపోతున్నాయి. ఈ ఇంట్లో ఎవరికీ పట్టదు.

ఆగస్టు 17
ఆయన — "మా అమ్మ మాకు గుడ్డలో వడకట్టే పట్టింది. మేం బతకలేదా?"
బతికారు, మీరిద్దరూ. ఆవిడ కన్నది నలుగుర్ని. మిగతా ఇద్దరి సంగతో? నోటిదాకా వచ్చింది. మింగాను. మింగినందుకు ఇంకా మండుతోంది.

ఆగస్టు 18
పాప కాచిన నీళ్ళే తాగుతోంది. అదొక్కటి నెగ్గాను. అత్తయ్య కూడా దారికొచ్చింది, అడిగి మరీ తనే పాపకు తాగిస్తోంది.

ఆగస్టు 20
తెల్లవారకముందు నుంచి పాపకు విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. కాచాను కదా! కాచాను కదా... ఎక్కడ తప్పింది?

అదే రోజు
చూశాను. కాచి చల్లార్చిన గిన్నె పెరట్లోకి పట్టుకెళ్ళింది అత్తయ్య. దండెం మీది గుడ్డ తీసింది — పొద్దున బురదనీళ్ళు వడకట్టిన అదే గుడ్డ — పాప చెంబు మీద పరిచి పోస్తోంది. రోజూ ఇంతేనట! నేను కళ్ళు పోగొట్టుకుని కాచిన నీళ్ళను మళ్ళీ ఆ మురికిలోంచే...
"మసి పడుతోందమ్మాయ్. పొగ వాసనని పిల్ల తాగట్లేదు. నువ్వు కాచినవే, ఒకసారి వడకట్టి ఇస్తున్నాను."
గుడ్డ లాక్కుని బురదలోకి విసిరికొట్టాను. ఆవిడ బిత్తరపోయింది. ఎందుకో చెప్పేలోపే పడవ వచ్చిందని ఆయన కేక.

ఆగస్టు 21
రావులపాలెం. ఆసుపత్రి. పాపకు సెలైన్ ఎక్కుతోంది.
నర్సు — "ఏం నీళ్ళు పట్టారండి?"
నేను నోరు తెరిచేలోపే అత్తయ్య — "కాచినవేనండి! మా కోడలు కాచందే చుక్క ముట్టనివ్వదండి. ఆ పొగలో ఊదలేక చచ్చిపోయిందండి."
ఎంత గర్వమో ఆ గొంతులో. నా తరఫున మాట్లాడుతోంది! గుడ్డ విసిరినందుకు కూడా ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్ళంతా కోపం... తిట్టడానికి మనిషి దొరకని కోపం.

ఆగస్టు 22
పాప కళ్ళు తెరిచింది. "నానమ్మా, నీళ్ళు" అంది. నన్నడగలేదు.
అత్తయ్యే పట్టింది, గుక్క గుక్కగా.

చెప్తే ఈ జన్మలో ఆవిడ మళ్ళీ పిల్లకు గ్లాసు అందించదు. చెప్పకపోతే, ఇంటికెళ్ళాక మళ్ళీ వడకడుతుంది.

"అత్తయ్యగారండీ" అన్నాను. తిరిగింది. తల వంచుకుని ఇది రాస్తున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని, నేనేం చెప్తానోనని ఇంకా చూస్తూనే ఉంది.