వంటింటి తలుపు మీద వేలిముద్ర

చిట్టితల్లికి, నాన్నమ్మ ఆశీస్సులు.

వేళకు తింటున్నావా? ఆ శవాల గదిలో పని ఉన్న రోజు, తిరిగి రాగానే తలస్నానం చేస్తున్నావా? చూపు ఆనక అక్షరాలు వంకర పోతున్నాయి, కూడబలుక్కుని చదువుకో.

వచ్చే నెల మొదటి సోమవారం మీ నాన్న రంగులవాళ్లను రమ్మన్నాడు. తలుపులన్నీ గీకించి కొత్త రంగు వేయిస్తాడట. వంటింటి తలుపు మీద, గొళ్లెం పక్కన, మీ తాతయ్య బొటనవేలి ముద్ర ఉంది. నువ్వు పుట్టిన ఏడాది ఆ తలుపుకి ఆయనే రంగు వేశారు. "తడిగా ఉంది, ముట్టుకోకండి" అని నేను అంటూనే ఉన్నాను. "ఆరిందో లేదో చూడాలి కదే" అని వేలు అద్దారు. రెండు రోజులు సాధించాను. "పోనీలేవే, సంతకం పెట్టాననుకో" అని నవ్వారు.

ఆయన పోయి నాలుగేళ్లు. మీ నాన్నతో అంటే చాదస్తం అంటాడని చెప్పలేదు. మీ నేరపరిశోధన చదువులో, తడి రంగులో పడ్డ వేలిముద్రకు మైనం లాంటి ముద్ద ఒత్తి అచ్చు తీస్తామని మొన్న సెలవుల్లో నువ్వే చెప్పావు. మీ మాస్టారిని అడిగి ఆ ముద్ద పట్టుకుని ఆలోపు రాగలవా? పరీక్షలుంటే వద్దులే. అయినా ఒక్క పూటకి రా.

ఇంకో దిగులు. అలాంటివి చేత్తో ముట్టుకోకూడదన్నావు. నేను రోజూ పొద్దున్న పాలు కాగేదాకా ఆ ముద్ర మీద నా వేలు ఆనించి నిలబడతాను. అరిగిపోయిందేమో, నా గీతలు కూడా కలిసిపోయాయేమో. కలిసి ఉంటే విడదీయకమ్మా, అలాగే తియ్యి.

నీ నాన్నమ్మ