శాంతమ్మ చోటు

శాంతమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఎండాకాలం నుంచి వలలో చేప లేదు. అయినా నీలాగే, ఎసరు పెట్టినప్పుడల్లా చర్చికని పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తున్నాను.

"ఈ కరువులో అవీ వండుకో మామా," అనింది పక్కింటి మరియమ్మ.

"దేవుడి సొమ్ము నేను తినను."

ఇవాళ కుండ నిండింది. ఎప్పుడూ ఆదివారాలు వేటకు పోయేవాణ్ణి, ఈ ఆదివారం నేనే చర్చికి మోసుకుపోయినాను. చాప మీద నీ చోటులో కూర్చున్నాను.

"మామా, అది ఆడోళ్ళ పక్క!" అని మరియమ్మ నవ్వింది.

"తెలుసులే. చచ్చినోళ్ళు లేచి వస్తారని పాడతారు గదా? మా శాంతమ్మ వచ్చిందాకా ఈ చోటు ఎవురికీ ఇయ్యను."

మరియమ్మ నవ్వు ఆపి, కొంచెం పక్కకు జరిగింది.

నీ చోటు నుంచి చూస్తే, కిటికీలో నేను వేటకు పోయే సముద్రమంతా కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?