గడువు దాటిన ఆకుపచ్చ పొట్లం

జీబెయ్ ద్వీపం
ఫిబ్రవరి 17

ప్రియమైన తమ్ముడు వెన్‌షుంగ్‌కు,

మీ అన్న పోయాక నీకు రాయడం ఇదే మొదటిసారి. అంత్యక్రియలకు వచ్చి వెళ్లావు. తర్వాత నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. ఫోన్ చేయవచ్చు గాని నీ చెవుల సంగతి నాకు తెలుసు. నేను అరిస్తే ఊరంతటికీ వినిపిస్తుంది, నీకు తప్ప.

పని మీదే రాస్తున్నాను. కొత్త సంవత్సరం వెళ్లిన నాలుగో రోజున ఆయన ల్యాప్‌టాప్ తెరిచాను. అప్‌డేట్ వేసుకోమంటావా అని అడిగింది. ఈశాన్యపు గాలికి పడవలు ఆగిపోయి పది రోజులైంది, చేయడానికి వేరే పనేమీ లేదు, సరేనని నొక్కాను. ఆరిపోయి, వెలిగి, నీలం తెర వేసి నలభై ఎనిమిది అంకెల తాళం అడిగింది. ఇప్పటికీ అదే అడుగుతోంది.

అందులో పెద్ద రాతిదడి పటాలున్నాయి. పోటు మీద లోపలికొచ్చిన చేపలు, సముద్రం వెనక్కి పోయాక ఆ గోడల మధ్య చిక్కుతాయని నీకు తెలుసుగా. నిరుటి తుఫానుకు దాని లోపలి గది కూలింది. ఏ వరస ఎంత ఎత్తుండాలో తెలిసిన ఇద్దరు ముసలివాళ్లూ లేరు. దడి పెద్ద కువో గుడిలో జోస్యపు చెక్కలు వేసి అడిగితే చాంద్రమానం నాలుగో నెల పున్నమి మర్నాడు, అంటే మే 22న, పని మొదలుపెట్టమని దేవుడు చెప్పాడు. ఆ తేదీ మారదు. పటాలు లేకపోతే అందాజుగా పేరుస్తారు, పై శీతాకాలానికి మళ్లీ కూలుతుంది.

పడవ కదలగానే ల్యాప్‌టాప్ నీకు పంపుతున్నాను. యంత్రం మాట వినాలని ఆయన దాని మీద ఉంచిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం కూడా పెట్టెలో పెట్టాను. అది లేకుండా పంపితే ఆయన ఒప్పుకోడు.

మీ వదిన,
బావ్‌జూ

*

కావ్‌షుంగ్
ఫిబ్రవరి 26

గౌరవనీయులైన వదినగారికి,

పెట్టె చేరింది. పోస్టు మనిషి నాలుగుసార్లు గంట కొట్టాడట. ఐదోసారికి నా రిపేరు కొట్టు షట్టర్ మీద గుద్దితే అదురు కాలికి తెలిసింది.

ల్యాప్‌టాప్ చూశాను. లోపలి డిస్కు బాగానే ఉంది. అప్‌డేట్ తర్వాత యంత్రం తనను తానే గుర్తుపట్టలేక తాళం అడుగుతోంది. ఆ తాళం అన్నయ్య ఎక్కడో రాసిపెట్టి ఉంటాడు. వెతుకుతాను. అది లేకుండా డిస్కును చెరపగలం గాని చదవలేం. అందుకని మీరు ఎవరి మాటో విని దాన్ని “కొత్తగా చేయించ”వద్దు.

పొట్లం యంత్రం పక్కనే పెట్టాను, ముట్టుకోలేదు. అన్నయ్యతో పాటు బ్యాంకు కంప్యూటర్ గదిలో ఇరవై ఆరేళ్లు చేశాను, అలాంటి పొట్లాన్ని ఎవరూ ముట్టుకోగా చూడలేదు. ఒకసారి కొత్త కుర్రాడొకడు పసుపు పొట్లం తెచ్చి పెట్టాడు. ఆ మధ్యాహ్నం రెండు గంటలు అన్నీ ఆగిపోయాయి. అన్నయ్య వాడితో, “పచ్చ దీపం వెలగాలంటే పచ్చ పొట్లం పెట్టాలిరా. నీ కళ్లు ఇంట్లో మర్చిపోయి వచ్చావా, మీ అమ్మకు ఫోన్ చెయ్, టాక్సీలో పంపిస్తుంది” అన్నాడు. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

ఒక మాట అడగనా? చిరునామాలో మీరు రాసిన ఏడు అంకె నడుముకు బెల్టు ఎందుకు? నాలుగేమోనని సగం నిమిషం చూశాను.

మీ మరిది,
వెన్‌షుంగ్

*

జీబెయ్
మార్చి 7

తమ్ముడు వెన్‌షుంగ్‌కు ఆశీస్సులు.

ముప్ఫై ఒక్క ఏళ్లు తపాలా కౌంటర్‌లో కూర్చున్నదాన్ని. తొందరలో రాసిన ఏడు ఒకటిలా కనిపిస్తే ఉత్తరం వేరే ఊరు పోతుంది. అందుకే అడ్డగీత. చేతికి అలవాటైంది, ఇప్పుడు మానమంటే మానదు.

ఇక్కడ ఉప్పు వాన పడుతోంది. కిటికీలు తుడిచిన గంటకే తెల్లబడుతున్నాయి. నిన్న ఎవరితోనూ మాట్లాడలేదు. దుకాణానికి వెళ్లాను గాని, కావలసింది వేలుతో చూపించాను, అతను చిల్లర చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చాక గొంతు ఉందో లేదోనని ఒకసారి దగ్గి చూశాను. నవ్వకు.

ఎండు సొరచేప ముక్కలు పంపుతున్నాను. కాల్చుకుని తిను. ఉడకబెట్టి పాడుచేయకు.

వదిన

*

కావ్‌షుంగ్
మార్చి 20

ప్రియమైన వదినగారికి,

సొరచేప ఉడకబెట్టాను. మీ ఉత్తరం చేపల కింద ఉంది, తర్వాత చదివాను. పాడైంది.

ల్యాప్‌టాప్ ఇంకా తెరుచుకోలేదు. ప్రయత్నిస్తున్నాను. మీ సాయం కావాలి. మనుషులు తాళాలకు తమకు గుర్తుండే తేదీలే పెట్టుకుంటారు. మీ పెళ్లి తేదీ, అన్నయ్య ఊరికి తిరిగొచ్చిన తేదీ, దడి కొలవడం మొదలుపెట్టిన తేదీ, ఇంకా మీకు తోచినవన్నీ రాయండి. ఉత్తి అంకెలు చాలవు. ఆ రోజు ఏం జరిగిందో కూడా రాస్తే నాకు దారి దొరకవచ్చు.

తొందరేం లేదు, తీరిగ్గా రాయండి. కానీ రాయండి.

మీ వెన్‌షుంగ్

*

జీబెయ్
ఏప్రిల్ 7

తమ్ముడికి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

పెళ్లి అక్టోబర్ 17. పడవ రెండు గంటలు ఆలస్యం. మగపెళ్లివారంతా దారిలో కక్కుకుని వచ్చారు, విందులో ఎవరూ రొయ్యల జోలికి పోలేదు. మా అమ్మ, “ఇంత తక్కువ తినే వియ్యంకులు ఎవరికి దొరుకుతారు!” అని మురిసిపోయింది. మర్నాడు ఉదయం గంజి దగ్గర తెలిసింది వాళ్ల ఆకలి.

ఆయన ఉద్యోగం ముగించుకుని తిరిగొచ్చింది మార్చి 2. అంతకుముందు ఇరవై ఏడేళ్లు ఆయన కావ్‌షుంగ్‌లో, నేనిక్కడ. నెలకు రెండు ఆదివారాలు. తిరిగొచ్చిన వారానికి, “ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేం, యంత్రాలన్నీ ఆగిపోయాయా?” అన్నాడు. ఆ నిశ్శబ్దంలోనే ఇరవై ఏడేళ్లు ఉన్నానని చెప్పాను. మూడో రోజు టేపు తీసుకుని, “దడి కొలుద్దాం, నువ్వు రెండో కొస పట్టుకో” అన్నాడు. అది మార్చి 11.

ఈ తేదీలతో తాళం తీయగలిగితే తీయి.

గాలి తగ్గింది. వేరుశనగ విత్తనాలు వేశాను.

వదిన

*

కావ్‌షుంగ్
ఏప్రిల్ 20

ప్రియమైన వదినగారికి,

ఆ తేదీలతో తెరుచుకోలేదు. ఇంకేమైనా ఉంటే రాయండి. పుట్టినరోజులు, పడవ ప్రయాణాలు, దెబ్బలాడుకున్న రోజులైనా సరే.

మీరు మీ సంగతులు రాశారు, నావీ రాస్తాను. పెద్దగా లేవు. ఉదయం పదింటికి షట్టర్ ఎత్తుతాను. వచ్చినవాళ్లు “బాగవుతుందా?” అంటారు. “అవుతుంది” అంటాను. “ఎప్పుడు?” అంటారు. అంతే, రోజుకు నా మాటలు. నా భార్య వెళ్లిపోయి పంతొమ్మిదేళ్లు. వెళ్లేటప్పుడు ఏదో చెప్పింది. అప్పటికే నా చెవులు సగం పోయాయి. ఏమందో అడుగుదామనుకునేలోపు బస్సు ఎక్కేసింది.

మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. చదవడానికి చెవులతో పని లేదు.

మీ వెన్‌షుంగ్

*

జీబెయ్
మే 1

తమ్ముడు వెన్‌షుంగ్‌కు,

ఈసారి తేదీలు రాయడం లేదు.

కువో నిన్న వచ్చాడు, గుమ్మంలోనే నిలబడ్డాడు. “మీ చింగ్‌షాన్ మోకాలి లోతు నీళ్లలో రాళ్లు కొలుస్తుంటే, వీడికి పింఛను ఎక్కువై పిచ్చెక్కిందని నవ్వాం. ఇప్పుడు పైనుంచి మమ్మల్ని చూసి వాడు నవ్వుతుంటాడు. పటాలొస్తాయా రావా వదినా? ఇరవై ఒక్కమందిని పిలిచాను. రాళ్లు ఒడ్డుకు చేరాయి” అన్నాడు.

వస్తాయని చెప్పాను. మా మరిది చేతుల్లో పడిన యంత్రం ఇంతవరకు చావలేదని చెప్పాను.

ఇక ఇరవై ఒక్క రోజులే ఉంది.

బావ్‌జూ

*

కావ్‌షుంగ్
మే 7

వదినగారికి నమస్కారాలు.

ల్యాప్‌టాప్ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. పని చేస్తుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇది తెరుచుకున్నది మార్చి 2న. అంటే నా మొదటి ఉత్తరం మీకు పంపిన ఐదు రోజులకు. ఆ రోజు దుమ్ము తుడుస్తూ పొట్లం మీది గడువు తేదీ చూశాను. దాటి మూడేళ్లయింది. కంప్యూటర్ గదిలో అన్నయ్య గోడకు ఒక పట్టీ అంటించి, గడువుకు నెల ముందే ప్రతి పొట్లమూ మార్చేవాడు. గడువు దాటితే యంత్రం తిరగబడుతుందని మా అందరికీ నేర్పింది ఆయనే. అలాంటి మనిషి మూడేళ్లు మర్చిపోడు. అడుగు వైపు చూస్తే విప్పి మళ్లీ అతికించిన గుర్తుంది. లోపల మొక్కజొన్న గుల్లలు లేవు. పాత కాగితపు ముక్కలు కుక్కి ఉన్నాయి, మధ్యలో మడిచిన చీటీ. ఎనిమిది వరసలు, వరసకు ఆరు అంకెలు. ఎవరూ ముట్టుకోని చోటు కాబట్టే అక్కడ దాచాడు. మాలాంటి వాళ్ల భయం ఆయనకు బాగా తెలుసు.

తాళం తీశాక కూడా యంత్రం పూర్తిగా లేవలేదు. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీశాను. తర్వాత ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసేశాను. అప్పుడు లేచింది. మొత్తం ఒక మధ్యాహ్నం పని.

ఆ తర్వాత మీకు రాసినవన్నీ అబద్ధాలు. తాళం పోయిన యంత్రానికి తేదీలతో పని లేదు. తెరిచానని చెబితే మీరు కృతజ్ఞతలు రాస్తారు, యంత్రం పంపించేస్తాను, ఉత్తరాలు ఆగిపోతాయి. ఒకటి వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చాక ఇంకొకటి అనుకున్నాను. మొన్నటి ఉత్తరంలో “మా మరిది” అని చదివాక ఆ రోజు షట్టర్ ఎత్తలేకపోయాను.

పటాలు చూశాను. బయటి గోడకు సెంటీమీటర్లలో కొలతలు ఉన్నాయి. లోపలి గదికి వచ్చేసరికి కొలత ఉండాల్సిన చోట వేరేది రాసి ఉంది. నాకు అర్థం కాలేదు. మీకు అవుతుందేమో.

చీటీలో ఏడు అంకె వచ్చిన ప్రతి చోటా దాని నడుముకు గీత ఉంది. మార్చిలోనే చూశాను. ఎందుకని అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు.

క్షమించమని అడిగే హక్కు లేని
వెన్‌షుంగ్

*

జీబెయ్
మే 27

ప్రియమైన వెన్‌షుంగ్‌కు,

నువ్వు అడగకపోయినా చెబుతాను. చీటీ రాసింది నేనే. ఆయన తెర చూసి చదివాడు, నేను రాశాను, తిరిగి చదివి వినిపించాను. పొట్లం అడుగు విప్పిందీ నేనే. గుల్లలు ఇద్దరం తిన్నాం. “మా కంప్యూటర్ గదిలో వాళ్లెవరికైనా తెలిస్తే నా ఉద్యోగం ఇప్పుడైనా పీకేస్తారు” అని నవ్వాడు.

కాబట్టి తాళం ఎక్కడుందో నాకు మొదటి రోజే తెలుసు. పొట్లం విప్పి బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. తెరిస్తే ఆ పటాలు కనిపిస్తాయి. ఒక్కదాన్నే చూడలేకపోయాను. మళ్లీ అతికించి నీకు పంపాను. నలభై ఎనిమిది అంకెలూ యంత్రం ఇచ్చినవి, ఆయన పెట్టుకున్నవి కావు. అది తెలిసిన నన్ను నువ్వు పెళ్లి తేదీ అడిగితే ఏమనుకుంటాను? తెరిచేశాడు అనుకున్నాను. అనుకునే మూడు పేజీలు రాశాను. నీ ఒక్కడిదే అబద్ధమని గర్వపడకు.

కొలతల సంగతి. లోపలి గదికి వచ్చేసరికి ఉప్పుకు టేపు తుప్పు పట్టి తెగింది. కొత్తది తెప్పిద్దామంటే గాలి మొదలైంది. “నువ్వున్నావుగా” అన్నాడు. అందుకే ఆ పటంలో “మూడో వరస, బావ్‌జూ మోకాలు”, “తూర్పు మలుపు, బావ్‌జూ నడుము”, “చేప దూరే చోటు, బావ్‌జూ ముంజేయి” అని ఉంది.

కువో చదివి తల గోక్కున్నాడు. “ఇదేం పటం వదినా? దీన్నిబట్టి రాయి ఎలా పెట్టను?”

“రాయి నువ్వు పెట్టు, నేను నిలబడతాను” అన్నాను.

ఐదు రోజులు, సముద్రం వెనక్కి పోయిన ప్రతిసారీ నిలబడ్డాను. “వదినా, ఇటు మోకాలు!” “వదినా, అటు నడుము!” అని ఇరవై ఒక్కమంది అరుస్తూనే ఉన్నారు. “నాలుగేళ్లలో కుంగిపోలేదు కదా వదినా, గోడ పొట్టిదవుతుంది” అని ఒకడన్నాడు. వాడికి ఆ పూట వేరుశనగ గంజి పోయలేదు. నిన్న తూర్పు మలుపు పూర్తయింది. రాళ్లు సరిగ్గా నా నడుము దగ్గర ఆగాయి. అక్కడ చేయి వేసి కాసేపు నిలబడ్డాను. నీళ్లు రావడం మొదలైంది, కువో వచ్చి తీసుకెళ్లాడు.

పడమటి గోడ ఇంకా ఉంది. వచ్చే పున్నమికి చేస్తారు. పటం ఒడ్డున పట్టుకుని చదివే మనిషి కావాలి. అరుపులు వినబడని వాడైతే మంచిది, తొందరపడడు. పడవ ఉదయం తొమ్మిదింటికి. కొత్త పచ్చ పొట్లం తీసుకురా, గడువు చూసి.

ఈ ఉదయం ల్యాప్‌టాప్ మళ్లీ అప్‌డేట్ వేసుకోమంటావా అని అడిగింది. నేను నొక్కలేదు. నువ్వు వచ్చి నొక్కు.

మీ వదిన,
బావ్‌జూ