టర్కీ పాఠానికి ఈశ్వరి సంతకం

పోస్టులో టర్కీ భాష నేర్పే సుహాసిని మేడమ్ గారికి, భోగాపురం ఆటో నరసింగరావు దండం పెట్టి రాయునది.

మొదటి పాఠం అందింది. మా ఎయిర్‌పోర్టు స్టాండులో ఇంగ్లీషు అందరికీ వచ్చు. విమానం దిగిన టర్కీవాడు మాత్రం నా ఆటో ఎక్కక చస్తాడా? సర్టిఫికెట్టు రాకపోతే మా బామ్మర్ది మురళీమోహన్ నన్ను స్టాండులో బతకనివ్వడు.

వాక్యం మన వరసే కదండీ! ఎవ్ అంటే ఇల్లు, ఎవె అంటే ఇంటికి. ‘ఎవె గిదియోరుమ్’, ఇంటికి వెళ్తున్నాను. క్రియ చివర్న, ‘నేను’ దాని తోకలో. మీరడిగినట్టు ఇంటి సంగతులు టర్కీలో రాసి, ఇంట్లోవాళ్ళ సాక్షి సంతకం పెట్టించాను.

ఇట్లు,
నరసింగరావు

తా.క.: ‘నా భార్య’ని వాళ్ళు ‘కరమ్’ అంటారట. దీర్ఘం ఎందుకు తీసేశారండీ? మా ఈశ్వరిని చూడలేదేమో.

*

నరసింగరావు గారికి నమస్తే.

ఒక్క తప్పూ లేదు! ‘నా భార్య గురక పెడుతోంది. నా భార్య పప్పు మాడ్చేస్తోంది.’ వీటి కింద ఈశ్వరి గారు ఎంత గుండ్రంగా సంతకం చేశారండీ! ఆవిడది పెద్ద మనసు. ‘నేను’తో పది వాక్యాలు రాసి, సంతకంతో పంపితే సర్టిఫికెట్టు మీదే.

సుహాసిని

*

మేడమ్ గారూ, కాళ్ళు పట్టుకుంటాను.

అర్థం దానికి తెలీదండీ! “నీ గురించి గొప్పగా రాశానే” అన్నాను. “నిజమేనేటి?” అంది. నెత్తి మీద ఒట్టేశాను. ఎక్కడా అనకండి.

వణుకుతూ,
నరసింగరావు

*

నరసింగరావు గారూ, అయ్యయ్యో!

మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. తెలుగు అర్థాలన్నీ రాసి, అభినందనలతో ఈశ్వరి గారికి నిన్ననే పోస్టు చేశాను.

సుహాసిని

తా.క.: ఫ్రేము కట్టించుకుంటారని అందమైన కాగితం మీద రాశాను.

*

సుహాసినమ్మకి ఈశ్వరి రాయునది.

మీ కాగితం చదువుకున్నాను. “టర్కీలో అదంతా పొగడ్తేనే!” అన్నాడు ఈయన. రెండో పాఠానికి పది వాక్యాలూ నేనే చెప్పాను, ఆయన టర్కీలోకి దింపాడు. ‘అంట్లు తోముతున్నాను. పేడ ఎత్తుతున్నాను.’ ఇలాంటివే.

సాక్షి సంతకం ఊరికే పెడతామా అమ్మా? ఈసారి ఒక్కోటీ ఆయన చేస్తుంటే కళ్ళతో చూశాకే పెడుతున్నాను. తొమ్మిదయ్యాయి. “ఒసే, ఆ పదోది వొగ్గేయే!” అని ఒకటే బతిమాలుతున్నాడు. ‘అత్తగారి కాళ్ళకు నూనె రాస్తున్నాను’ అన్నది పదోది. మా అమ్మ అసిరమ్మ రేపు బస్సు దిగుతోంది.

ఉంటాను,
ఈశ్వరి

తా.క.: దీనికి పై క్లాసులు ఎన్నున్నాయమ్మా? అవన్నీ అయ్యేదాకా ఉండిపోతానని అమ్మ ఫోనులో అంది.