బురద దాటించిన గేరు

1974 ఆగస్టు, తిరువూరు.

గంపలగూడెంలో చెల్లి సుగుణకి ఇవాళ నొప్పులొచ్చాయి. మా ఆయన తను నడిపే ఆసామి జీపు అడిగి తెచ్చారు. ఇక్కడి ఆసుపత్రికి వస్తుంటే వానకి నానిన మట్టిరోడ్డులో చక్రాలు దిగబడ్డాయి. ఆయన గేరు పక్కనున్న చిన్న మీట లాగి నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా తిరిగేలా చేశారు. బండి మూలుగుతూ బయటికొచ్చింది. ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను.

తారురోడ్డెక్కాక ఆ మీట వెనక్కి రాలేదు.

"కాస్త తొందరగా పోనివ్వండి," అన్నాను.

"ఇందులో ఉంటే బలమే గానీ పరుగుండదే. బిగిసిపోయింది, రావట్లేదు," అన్నారు.

ఇంజను అరుస్తోంది, బండి మాత్రం నడుస్తున్నట్టే ఉంది. సైకిలు మీద పోయేవాడు కూడా మమ్మల్ని దాటిపోయాడు. సుగుణ నా చెయ్యి నలిపేస్తూ, "ఇంకెంత దూరమక్కా?" అని అడుగుతూనే ఉంది.

సుగుణ దక్కింది. బిడ్డ దక్కలేదు. ఇంకాస్త ముందు తెస్తే బతికేవాడేమో అంది డాక్టరమ్మ. ఆ మాట ఆయన విన్నారు. అప్పట్నుంచీ బయట జీపులో కూర్చుని ఆ మీటనే లాగుతున్నారు. ఆ మీట లాగకపోతే తల్లి కూడా ఆ బురదలోనే పోయేదని ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

సుగుణ ఇంకా మత్తులోనే ఉంది. కళ్ళు తెరవగానే బిడ్డని చూపించమంటుంది. పక్కన ఉన్నది నేనే...